బ్రాకెట్లలో బొగ్గు బెల్టు

ఆ బెల్టు సంగతి బయటపడేదాకా నేనేం ఉద్యోగం చేస్తున్నానో మా గోదావరిఖనిలో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఢిల్లీలో కోర్టులో ఉందని కొందరు, ఎవరో మంత్రి దగ్గర టైపు కొడుతుందని కొందరు అనుకునేవారు. రెండో మాటే నిజానికి కొంచెం దగ్గర.

నేను కేంద్ర ప్రభుత్వంలో న్యాయాధికారిని. సరుకు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఓడ మీదో, రైలు మీదో, లారీ మీదో వెళ్తుంటే దారిలో పాడైతే బాధ్యత ఎవరిది, ఏ కాగితం చెల్లుతుంది అనే విషయాల మీద దేశాలన్నీ కలిసి ఒప్పందాలు రాసుకుంటాయి. ఆ ముసాయిదాల దగ్గర కూర్చునే మా బృందంలో అందరికంటే చిన్నదాన్ని నేనే. ఒప్పందం రాయడంలో రాసే పని తక్కువ. అవతలివాళ్లు రాయాలనుకున్నది రాయనివ్వకుండా చూసుకోవడమే ఎక్కువ, అదీ ఎంతో మర్యాదగా. నేను వెళ్లిన మొదటి సమావేశంలో సరుకును "వెంటనే" అప్పగించాలా, "అనవసర జాప్యం లేకుండా" అప్పగించాలా అని పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా వాదించారు. ఆఖరికి "తగిన సమయంలో" అని రాసుకుని, చేతులు కలుపుకుని, కాఫీకి వెళ్లారు.

ఇంటికి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే మా బాపు శ్రద్ధగా విన్నాడు.

"తగిన సమయమంటే ఎంత బిడ్డా?"

"అది రాయలే బాపు."

"ఎందుకు?"

"రాస్తే ఎవ్వరు ఒప్పుకోరు."

"గిది చెయ్యనీకె ఇమానంల పోయినవా?" అన్నాడు.

బాపు బొగ్గు కంపెనీలో బెల్టు ఆపరేటర్. గనిలోంచి వచ్చిన బొగ్గును పగలగొట్టి, పొడవాటి రబ్బరు బెల్టుల మీద రైలు వ్యాగన్ల దాకా పంపే చోట సర్వీసంతా చేసి రిటైరయ్యాడు. బెల్టు వెంట నడుస్తూ, ఒలికిన బొగ్గును పారతో మళ్లీ పైకి వేస్తూ, పెద్ద రాయేదైనా ఇరుక్కుంటే పక్కనున్న తాడు లాగి ఆపడం ఆయన పని. ఆ హోరులో ఏళ్ల తరబడి మాట్లాడినందువల్ల ఇప్పటికీ ఇంట్లో ఉప్పు అడిగినా వీధికంతా వినబడుతుంది. ఫోన్లో నాతో మాట్లాడిన ప్రతి మాటా చాయ్ హోటల్ దాకా చేరడానికి అదే కారణం.

నా రెండో సమావేశం యూరప్‌లో, చలికాలంలో. ఆ రోజు "రవాణా విధానం" అనే మాటకు నిర్వచనం చర్చకు వచ్చింది. రోడ్డు, రైలు, సముద్రం, నది, ఆకాశం. ఎవరికీ అభ్యంతరం లేదు. మా బృంద నాయకుడైన పెద్ద సార్ నిశ్చింతగా ఫోన్ మాట్లాడ్డానికి బయటికి వెళ్తూ, "నువ్వు దేశం పేరున్న బోర్డు వెనక కూర్చో చాలు. మాట్లాడకపోవడం కూడా ఒక వైఖరే" అని చెప్పి వెళ్లారు.

కూర్చున్నాను. చెవిలో పెట్టుకున్న దాంట్లో అనువాదకుల గొంతు మరీ పెద్దగా వస్తోంది. తగ్గిద్దామని ఎదురుగా ఉన్న మీట నొక్కాను. అది ఆ మీట కాదు. మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. అధ్యక్షుడు సంతోషంగా తలెత్తి, "భారతదేశం" అన్నాడు.

హాలంతా నావైపు తిరిగింది. పొరపాటున నొక్కాననొచ్చు. కానీ ఒక దేశం పొరపాటున నొక్కానని ఎట్లా చెబుతుంది? నోరు తెరిచాను. ఆ క్షణంలో రవాణా అనే మాటకు నా బుర్రలో ఉన్నది ఒక్కటే, చిన్నప్పుడు బాపుకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్తే గేటు బయటి నుంచి కనబడే ఆ నల్లటి బెల్టు. "అధ్యక్షా, ఈ నిర్వచనంలో కన్వేయర్ బెల్టు లేదు. మా దగ్గర బొగ్గు మైళ్ల దూరం బెల్టు మీదే వెళ్తుంది. సరిహద్దులు దాటే బెల్టులు కూడా రావచ్చు. దాని మీద సరుకు పోతే ఏ చట్టం?" అన్నాను. మాట మాత్రం ఎన్నాళ్లుగానో సిద్ధం చేసుకున్నట్టే వచ్చింది.

ఓడల వ్యాపారంలో పెద్ద దేశం ప్రతినిధి నవ్వి, బెల్టు సరుకు ఎక్కించే పనిముట్టే గానీ రవాణా కాదన్నాడు. "అలాగైతే కూలీ భుజం కూడా రవాణా విధానమే అవుతుంది" అన్నాడు. కొందరు నవ్వారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక కొండల దేశం ప్రతినిధి, నడివయసు ఆవిడ, మైకు అందుకుంది. వాళ్ల దేశంలో సగం సరుకు తీగల మీద వేలాడే తొట్లలోనే కొండలు దిగుతుందనీ, భారతదేశం ఎంతో ముఖ్యమైన విషయం లేవనెత్తిందనీ, ఆ తొట్లను కూడా చేర్చాలనీ కోరింది. ఇంకో రెండు దేశాలు, బహుశా భోజనం వేళయిందనే తొందరలో, సరేనన్నాయి. తెర మీద నిర్వచనం చివర కొత్త మాటలు వచ్చి కూర్చున్నాయి, అటూ ఇటూ చదరపు బ్రాకెట్లతో: [లేదా కన్వేయర్ బెల్టు, రోప్‌వే].

సార్ తిరిగొచ్చి తెర చూశారు.

"ఈ బెల్టు ఎవరిది?"

"మనదే సార్."

"మనకెప్పుడు వచ్చింది?"

"ఇప్పుడే సార్."

ఆయన ముఖం చూసి నా ఉద్యోగం పోయిందనుకున్నాను. సాయంత్రం ఢిల్లీకి పంపిన నివేదికలో మాత్రం "భారత బృందం సమయోచితంగా జోక్యం చేసుకుని దేశీయ బొగ్గు రంగ ప్రయోజనాలను ముసాయిదాలో చేర్పించింది" అని రాశారు. మరుసటి సమావేశం నాటికి ఫైల్లో అది మన దేశపు దీర్ఘకాలిక వైఖరి అయిపోయింది. సార్ నాకంటే గట్టిగా వాదించేవారు. బెల్టు పురాతనత్వం గురించి ఆయనొకసారి చేసిన ప్రసంగం విని నేనే ఆశ్చర్యపోయాను. విరామంలో ఇతర దేశాలవాళ్లు నన్ను "బెల్టు మేడమ్" అని పలకరించడం మొదలుపెట్టారు.

ఇంట్లో చెప్పకుండా ఉంటే బాగుండేది. చెప్పాను.

"మన బెల్టేనా?" అన్నాడు బాపు.

"మన బెల్టే. కని బ్రాకెట్లల ఉన్నది."

"బ్రాకెట్లంటే?"

"ఇంకా ఖాయం గాలె అన్నట్టు. ఉండచ్చు, పోవచ్చు."

"ఇప్పుడైతే ఉన్నది గదా?"

"ఉన్నది."

"గది చాలు."

ఆ పేజీ పంపమన్నాడు. పంపాను. ఆయనకు ఇంగ్లిషు రాదు. అయినా లామినేషన్ చేయించి, బ్రాకెట్లతో సహా, చాయ్ హోటల్లో అందరికీ చూపించాడు. బ్రాకెట్లున్నాయంటే గొప్ప మాటలని అక్కడెవరో చెప్పారట, ముఖ్యమైనవాటికే గీతలు గీస్తారని. బాపు కాదనలేదు.

ఇట్లా ఆ మాటలు బ్రాకెట్లలో కొన్నేళ్లు బతికాయి. మధ్యలో సరుకు పాడైతే చెప్పాల్సిన గడువు, ఎలక్ట్రానిక్ కాగితం మీద సంతకం, ఒక కామా, అన్నీ వచ్చి పోయాయి. ఆఖరి విడత చర్చలు మొన్నటి మే నెలలో పడ్డాయి. అప్పుడే మా అమ్మకు కరీంనగర్ దవాఖానాలో మోకాలి ఆపరేషన్ అయింది. సెలవు అడిగితే సార్ పెద్ద మనసుతో, "ఇంట్లోనే ఉండు, ఆన్‌లైన్‌లో కూర్చో" అన్నారు. ఆయన మాత్రం విమానమెక్కారు.

మా రామగుండం వైపు ఎండల గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. యూరప్‌లో పొద్దున మొదలయ్యే సమావేశం మాకు సరిగ్గా మధ్యాహ్నం అన్నం తిన్న వేళకు మొదలయ్యేది. ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకుని, పైన తెల్ల చొక్కా, కింద ఇంట్లో వేసుకునే పైజామాతో కూర్చునేదాన్ని. కూలర్ వేస్తే ఓడలో ఉన్నారా అని అనువాదకులు అడిగారు. కూలర్ ఆపేశాం. బాపు నా వెనక మంచం మీద, కెమెరాలో పడకుండా గోడవైపు జరిగి, తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ కూర్చునేవాడు. మాటలు అర్థం కావు గానీ "కన్వేయర్" అనే మాట వినబడగానే వెన్ను నిటారుగా పెట్టేవాడు.

శుక్రవారం నాడు సమావేశం మొదలవబోతుండగా సార్ ఫోన్ చేశారు.

"ఇవాళ బెల్టు వదిలేస్తున్నాం. బదులుగా ఎలక్ట్రానిక్ కాగితం విషయంలో వాళ్లు మన మాట ఒప్పుకుంటున్నారు."

"సార్, అది మన దీర్ఘకాలిక వైఖరి కదా?"

"అందుకేనమ్మా దానికి విలువ. నిన్న పెట్టుకున్నదాన్ని వదిలేస్తే ఎవరేమిస్తారు?" అన్నారు. తర్వాత గొంతు మెత్తబరచి, "మొదట పెట్టింది నువ్వే కాబట్టి, అభ్యంతరం లేదని నువ్వే చెబితే హుందాగా ఉంటుంది" అన్నారు.

మాట్లాడకపోవడం కూడా ఒక వైఖరేనన్న ఆయన మాటనే ఆయనకు గుర్తుచేయాలనిపించింది. చేయలేదు.

నా వంతు వచ్చింది. వెనకాల మంచం కిర్రుమంది, బాపు సర్దుకుని కూర్చున్నట్టు. "అధ్యక్షా, కన్వేయర్ బెల్టు విషయంలో మా ప్రతిపాదన..." అని మొదలుపెట్టానో లేదో ఊరి పక్కనే, నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయింది. మా ఇంట్లో అది రోజూ ఉండేదే. కిటికీ రెక్కలు గలగలమన్నాయి, గోడ మీది క్యాలెండర్ ఊగింది, వంటింట్లో ఒక గిన్నె కింద పడింది. బాపు రెప్ప కూడా వేయలేదు. కానీ తెర మీద చిన్న చిన్న గడుల్లో ఉన్న దేశాలన్నీ నోళ్లు తెరిచి చూస్తున్నాయి.

"భారత ప్రతినిధి క్షేమమేనా? సమావేశం ఆపమంటారా?" అని అధ్యక్షుడు ఆందోళనగా అడిగాడు.

"క్షేమమే. ఇది బొగ్గు గని. రోజూ ఈ వేళకు పేలుస్తారు" అన్నాను.

కొండల దేశం ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను నా వాక్యం పూర్తిచేశాను. ఏకాభిప్రాయం కోసం, పట్టువిడుపుల ధోరణిలో, బ్రాకెట్లలోని మాటలు తొలగించడానికి భారతదేశానికి అభ్యంతరం లేదు. వెంటనే చప్పట్లు మోగాయి. మామూలుగా అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు. బాంబుల మధ్య కూర్చుని కూడా ఇంత ఉదారంగా వ్యవహరించిన ప్రతినిధిని అభినందిస్తున్నానని ఓడల దేశం ఆయన ప్రత్యేకంగా అన్నాడు. కొండల దేశం ఆవిడ మాత్రం కనీసం వివరణ పత్రంలో ఒక వాక్యమైనా ఉండాలని పట్టుబట్టింది. సరేనన్నారు.

కెమెరా ఆపి వెనక్కి తిరిగాను. బాపు ముఖం వెలిగిపోతోంది.

"చప్పట్లు కొట్టిన్రు గదా. గెలిచినమా?"

"లేదు బాపు. తీసేసిన్రు."

"మరి చప్పట్లెందుకు?"

"తీసెయ్యుమని నేనే అన్నందుకు."

ఆయన లేచి కూలర్ స్విచ్ వేశాడు. దాని ఎదురుగా నిలబడి చాలాసేపు గాలి పోసుకున్నాడు. తర్వాత అటు తిరిగే, "అయితే నేను గన్నేండ్లు చేసింది ట్రాన్స్‌పోర్టు గాదన్నట్టేనా?" అన్నాడు.

"లోడింగు అంటున్నరు."

"లోడింగోళ్లు వేరే ఉండిరి గదా!" అన్నాడు, గిరుక్కున తిరిగి. అప్పుడొచ్చింది కోపం. చట్టంలోంచి తీసేసినందుకు కాదు. లోడింగ్ సెక్షన్‌కు, బెల్టు సెక్షన్‌కు మధ్య ఆయన సర్వీసంతా నడిచిన పంచాయితీ ఒకటుంది. వ్యాగన్ ఆలస్యమైతే తప్పు మీదంటే మీదని వాళ్లు రోజూ కొట్లాడుకునేవారు. అట్లాంటిది ప్రపంచంలోని దేశాలన్నీ కలిసి తనను లోడింగువాళ్లలో కలిపేశాయన్నది ఆయన బాధ. అమ్మ మంచం మీది నుంచే, "గిన్నె వడ్డది, ఎవరన్న తియ్యిండ్రి" అని పిలిచింది. ఇద్దరం వెళ్లాం.

అసలు కష్టం అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం నాడు నాకు సన్మానం. రిటైరైన కార్మికుల సంఘం వాళ్లు కమ్యూనిటీ హాల్లో పెట్టారు. సంఘం అధ్యక్షుడు బాపుతో పాటు సర్వీసు చేసినాయన, నేను కాక అని పిలుస్తాను. ఒకప్పుడు యూనియన్ మీటింగుల్లో ఆయన మైకు పట్టుకుంటే షిఫ్టు మారినా వదిలేవాడు కాదని చెబుతారు. శనివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను.

"కాకా, ఆ బెల్టును తీసేసిన్రు. సన్మానం వద్దు."

"ఎప్పుడు తీసేసిన్రు?"

"నిన్న."

"ఫ్లెక్సీ మొన్ననే కొట్టించినం బిడ్డా" అన్నాడు, తేదీల ప్రకారం తమ వైపు న్యాయం ఉన్నట్టు.

ఆదివారం హాలు నిండింది. ఫ్లెక్సీ మీద నా గుర్తింపు కార్డులోని ఫోటో, పక్కన "ప్రపంచ చట్టంలో మన బెల్టు" అనే అక్షరాలు, వాటి కింద ఒక బెల్టు బొమ్మ. ఆ బెల్టు మీద సూట్‌కేసులున్నాయి. ఫ్లెక్సీ షాపువాళ్లకు ఇంటర్నెట్‌లో విమానాశ్రయం బెల్టే దొరికినట్టుంది. బాపు ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో, ఎవరినీ చూడకుండా కూర్చున్నాడు. శాలువా కప్పారు, పూలదండ వేశారు. మైకు ఇచ్చారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. బెల్టు మాట ముసాయిదాలోకి నిజంగానే వెళ్లిందనీ, కొన్నేళ్లు ఉందనీ, మొన్న శుక్రవారం దాన్ని తొలగించారనీ, అందుకు ఒప్పుకున్నది నేనేననీ చెప్పాను. పళ్లేల్లో మిర్చి బజ్జీలు అందించేవాళ్లు కూడా ఆగిపోయారు.

కాక నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "అన్నలారా! మన డిమాండ్లు ఎన్ని తీసెయ్యలే? మనం ఎన్నడన్న ఇంటికాడ కూసున్నమా? తీసెయ్యాల్నంటే ముందుగాల్ల ఉండాలె. మన బెల్టు ఉండె! అన్ని దేశాలోళ్లు కూసోని మాట్లాడితెనే పోయింది, ఉత్తగ పోలె!" అన్నాడు. ఒక్కసారిగా చప్పట్లు. మూడు రోజుల్లో ఇది నాకు రెండోసారి, అదే సంగతికి.

అక్కడితో ఆగితే బాగుండేది. ప్రపంచ దేశాలు తమ నిర్ణయాన్ని మార్చుకోవాలని ఒక తీర్మానం చేద్దామన్నారు. "డిమాండ్ చేస్తున్నం" అని రాయాలని ఒకాయన. బయటిదేశాలోళ్లను డిమాండ్ చేస్తే బాగుండదు, "కోరుతున్నం" అనాలని ఇంకొకాయన. కోరుడు ఏంది, అడుక్కునుడా అని మూడోవైపు నుంచి. బజ్జీలు చల్లారిపోతున్నాయి. నన్నడిగారు. అలవాటైన ప్రాణం కదా, రెండు మాటలూ బ్రాకెట్లలో పెట్టి వచ్చే మీటింగులో తేల్చుకోండి అనబోయి నాలుక కరుచుకున్నాను. "గట్టిగా కోరుతున్నం" అంటే ఎట్లా ఉంటుందన్నాను. అందరూ ఒప్పుకున్నారు. నా ఉద్యోగ జీవితంలో నేను సొంతంగా కుదిర్చిన మొట్టమొదటి ఏకాభిప్రాయం అదే.

తినేటప్పుడు ఒక ముసలాయన బాపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోడింగ్ సెక్షన్‌లో చేసినాయన. ఇద్దరూ ఎప్పుడు ఎదురుపడినా పలకరించుకునేవాళ్లు కాదు.

"బిడ్డ చెప్పింది ఇన్న. అయితే ఇగ మీరు గూడ మా లోడింగోళ్లే అన్నట్టు" అన్నాడు.

బాపు మెడ నరాలు ఉబ్బాయి. నేను అటు వెళ్లబోయాను.

"మేం గాదు. మీరే మా బెల్టు కింద ఉండేటోళ్లు" అన్నాడు బాపు, హాలంతా వినబడేలా.

"బెల్టు కింద ఎవ్వలన్న ఉంటరా? నలిగి సస్తరు గదనే."

బాపే ముందు నవ్వాడు. తన పళ్లెం ముందుకు జరిపాడు, ఆయన ఒక బజ్జీ తీసుకున్నాడు. ఆ తర్వాత గంటసేపు ఏ వ్యాగన్ ఎవరి తప్పువల్ల ఆలస్యమైందో మళ్లీ మొదటి నుంచి తేల్చుకుంటూ కూర్చున్నారు. ఏదీ తేలలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బాపు చాలా హుషారుగా ఉన్నాడు.

ఒప్పందం ఆమోదం పొందింది. వివరణ పత్రంలో వాక్యం కూడా వచ్చింది: "స్థిరమైన యంత్ర మార్గాల విషయాన్ని పరిశీలించాలని కొన్ని ప్రతినిధి బృందాలు అభిప్రాయపడ్డాయి." కొన్ని అంటే నేనూ, కొండల దేశం ఆవిడా. బెల్టు అనే పేరు కూడా లేదు. బాపుకు చదివి అర్థం చెప్పాను. "పేరు రాస్తె ఏం పోయేది ఆళ్లకు?" అన్నాడు గానీ ఆ పేజీని లామినేషన్‌కు ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ ఒప్పందంలో మన దేశం చేరాలా వద్దా అని ఫైలు శాఖల మధ్య తిరుగుతోంది. పోయిన నెల ఒక శాఖ నుంచి అభిప్రాయం వచ్చింది. రవాణా నిర్వచనంలో కన్వేయర్ బెల్టు లేకపోవడం తీవ్రమైన లోపమని, బొగ్గు రంగ ప్రయోజనాలను చర్చల్లో ఎవరూ పట్టించుకున్నట్టు లేదని అందులో రాశారు. సార్ ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, జవాబు తయారుచేయమన్నారు.

తయారుచేశాను. బెల్టు సరుకు ఎక్కించే పనిముట్టే గానీ రవాణా విధానం కాదనీ, అట్లా అనుకుంటే కూలీ భుజాన్ని కూడా చేర్చాల్సి వస్తుందనీ, అంతర్జాతీయంగా అదే సరైన అవగాహన అనీ రాశాను. బాగా కుదిరింది. సార్ ఒక్క అక్షరం మార్చలేదు. ఆ శాఖ సంతృప్తి చెందినట్టు తిరుగు టపాలో తెలియజేసింది.

ఆదివారం ఫోన్లో బాపుకు ఇది కూడా చెప్పాను. దాచాలనిపించలేదు.

"మంచిగ రాసినవా?" అన్నాడు.

"మంచిగనే రాసిన."

"ఆళ్లు ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు."

"గట్లయితే నువ్వు గెలిచినట్టే గదా" అని, నీళ్ల ట్యాంకరు వచ్చిందంటూ ఫోన్ అమ్మకు ఇచ్చి వెళ్లాడు.